మూల కంప్యూటర్లో తుపాకీ ఆట

“దీన్ని మాత్రం ముట్టుకోవద్దప్పా,” అన్నాడు మోహన్, కీబోర్డుకు చెయ్యి అడ్డంపెట్టి.

అలిపిరి రోడ్డులో అతనిదొక చిన్న గేమ్ సెంటర్. పాకాల నుంచి పిలిపించిన మెకానిక్ గిరిప్రసాద్ పొద్దున్నించీ ఒక్కో కంప్యూటర్లో పాతవన్నీ తుడిచేసి కొత్త ఆటలు ఎక్కిస్తున్నాడు. ఇక మిగిలింది మూలనున్న పాతదొక్కటే. అందులో ఉన్నదీ ఒకే ఒక్క తుపాకీ ఆట.

“ఇదీ ఒక ఆటేనా?” అన్నాడు గిరిప్రసాద్. “గుండ్లు గోడలో నుంచి దూరిపోతాయి. సిపాయి తలుపుకాడ ఇరుక్కోని ఉన్నచోటే నడస్తా ఉంటాడు.”

“నడవనీలే. మేము మౌసు పట్టుకోను నేర్చుకునిందే దీంట్లో. ఇప్పటి ఆటల్లో బొమ్మలు బాగుంటాయి గానీ, ఆ సరదా యాడుండాది?”

“మరి ఆ సౌండో? పళ్లెం మీద గరిటెతో కొట్టినట్టుండాది.”

“గరిటెతోనే కొట్టినాం. మాకు దొరికిన దొంగ సీడీలో సౌండ్లు లేవు. నేనూ మా హరినాథూ మైకు ముందర కూసోని మేమే చేసినాం. గరిటె నాది, సిపాయిల అరుపులన్నీ వాడివి.”

గిరిప్రసాద్‌కు నవ్వాగలేదు. “కాకిపిల్ల కాకికి ముద్దు,” అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. “నేను తుడిచేదేముంది మోహనా, డిస్కే పోతా ఉండాది. కాపీ చేస్తామన్నా సగంలో నిలిచిపోతా ఉండాది. ఈసారి ఆపితే మళ్లీ లేసేది లేదు. ఆడుకోవాలంటే ఇప్పుడే ఆడుకో.”

మోహన్ ముఖంలో నెత్తురుచుక్క లేదు. చెప్పులైనా వేసుకోకుండా బయటికి పరుగెత్తాడు. పనికిమాలిన ఆట కోసం ఇంత బాధేమిటో గిరిప్రసాద్‌కు అర్థం కాలేదు.

కాసేపటికి మోహన్ ఒక పెద్దావిడను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె చేతికి ఇంకా దోసెపిండి అంటుకునే ఉంది.

“హరినాథ్ వాళ్లమ్మ, నిర్మలమ్మ,” అన్నాడు.

గిరిప్రసాద్ లేచి కుర్చీ ఇచ్చాడు. ఈ వయసులో ఈమెకూ తుపాకీ ఆట పిచ్చేనా అని లోలోపల నవ్వుకున్నాడు కూడా.

మోహన్ ఆట మొదలుపెట్టాడు. నిర్మలమ్మ తెర వంక చూడలేదు. స్పీకరు దగ్గరికి వంగి చెవి పెట్టుకుంది. తలుపు దగ్గర సిపాయి కనబడ్డాడు. మోహన్ మౌసు మీద నుంచి చెయ్యి తీసేశాడు.

“కొట్టప్పా, ఎదురుగానే ఉండాడు కదా,” అన్నాడు గిరిప్రసాద్.

“నాతో కాదు పెద్దమ్మా,” అన్నాడు మోహన్. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. “ఇదే ఆఖరుసారంట.”

నిర్మలమ్మ అతని చెయ్యి తీసి మౌసు మీద పెట్టింది.

“కాల్చు నాయనా. మా హరి పోయినాక నన్ను అమ్మా అని వాడి గొంతుతో పిలిచేది ఈ సిపాయి ఒక్కడే. అదీ సచ్చేటప్పుడే పిలుస్తాడు.”