అక్క పేరు మీద పని

మా ఆఫీసు డిజైనర్ అక్క ఓ రాత్రి పని మధ్యలో తన కుర్చీలోనే ప్రాణం విడిచి మూడు నెలలైంది. మా సారు మాత్రం కంప్యూటర్లో పనులు పంచే జాబితాలోంచి ఆవిడ పేరు తీయలేదు. ఎక్కువ పేర్లుంటే కంపెనీ పెద్దదిగా కనబడుతుందట. ఉన్నది ముగ్గురం.

ఆ రాత్రి ఆఫీసులో నేనొక్కడినే ఉన్నాను. తెల్లారేసరికి ఓ దుకాణం వెబ్‌సైట్ అప్పగించాలి. చూస్తే, మొదటి పేజీ డిజైన్ అక్క పేరు మీద ఉంది. సారుకి ఫోన్ చేశాను.

"అలవాటులో వేసేశానయ్యా. నువ్వే కానిచ్చెయ్."

ఫోన్ పెట్టేసి తెరవైపు తిరిగాను. ఆ పని పక్కన ఇందాక లేని 'పూర్తయింది' ఇప్పుడు ఉంది. పేజీ తెరిచాను. అక్క వాడే లేత ఆకుపచ్చ రంగు, అక్క వదిలే ఖాళీలు. మళ్ళీ ఫోన్ చేసి చెప్పాను.



"బాగా వచ్చిందా?"

"వచ్చింది సార్."

"అయితే మిగతా నాలుగు పేజీలూ ఆవిడకే వెయ్యి."

వేశాను.

నా వెనక అక్క కుర్చీ కిర్రుమంది. కీబోర్డు టకటకలాడింది. ఆ పనుల కింద ఒక కామెంట్ వచ్చింది. అక్క రోజూ అడిగే మాటే.

"ఇవాళైనా ఇంటికెళ్ళనిస్తారా?"