పది నిమిషాల నడక

“మళ్ళీ ఏం మర్చిపోయావే?” అని అమ్మ మీద విసుక్కుంటూ నాన్న బెంచీ మీద కూలబడ్డాడు.

“కళ్ళజోడు కనబడటం లేదండీ.”

ఈ పరాయి దేశంలో విమానం దిగినప్పటి నుంచీ అమ్మది ఇదే వరస. నాలుగడుగులు వేయడం, ఆగి హ్యాండ్‌బ్యాగు వెతుక్కోవడం. నాకు ప్రయాణమంతా కంటి మీద కునుకు లేదు. సూట్‌కేసులు లాగలేక చేతులు పీకుతున్నాయి.

“రైలు తప్పిపోతుందమ్మా! స్టేషన్ పది నిమిషాల నడకేనని చూసుకునే కదా టికెట్లు తీశాను.”

“ఎవరి నడకే అది?” అంది అమ్మ, గొంతు తగ్గించి.

తెరిచిన బ్యాగులో కళ్ళజోడు పెట్టె పైనే ఉంది. అమ్మ చూపు మాత్రం బెంచీ వైపు ఉంది. నేనూ అటు తిరిగి చూశాను. ఇందాక వీల్‌చెయిర్ తెచ్చినతన్ని “నేనేమన్నా ముసలాణ్ణా?” అని కసిరి పంపేసిన నాన్న, ఎవరూ చూడటం లేదనుకుని రెండు చేతులతో మోకాలు నొక్కుకుంటున్నాడు.

ఆయన చేతులు తీశాకే అమ్మ అంది, “దొరికిందండీ, పదండి.”

ముందు ఇంకా బోలెడంత దారి ఉంది. సగం దూరం వెళ్ళేసరికి నాన్న అడుగు తడబడింది. అమ్మ చెయ్యి బ్యాగు మీదికి పోయింది.

ఈసారి నేనే ముందు ఆగాను. “ఒక్క నిమిషం నాన్నా, ఛార్జర్ పెట్టానో లేదో చూసుకోవాలి.”

“సరిపోయింది! అచ్చం మీ అమ్మ పోలికే,” అని గొణుక్కుంటూ నాన్న పక్కనున్న బెంచీ మీద కూర్చున్నాడు.

నేను టైం చూసుకోలేదు. పెద్ద సూట్‌కేసు నేల మీద పడుకోబెట్టి, తీరిగ్గా జిప్పు లాగాను.