నాలుగో నూటెనిమిది

క్యాన్సర్ ఆసుపత్రిలో కోబాల్ట్ మిషిన్ నడిపే తాతారావు సీసం తలుపు తెరిచాడు. బల్ల మీదున్న రత్నాబాయి లేవలేదు.

ఆ గదిలో ఒంటరిగా, కదలకుండా పడుకోవాలి. నాంపల్లి రైలు కూత కూడా లోపలికి రాదు. అందుకే ఆమె రామనామంతో టైం లెక్కపెట్టుకుంటుంది.

"సారూ, నిరుడు మూడు నూటెనిమిదులు అనేసరికి మిషిన్ బందయ్యేది. ఇయ్యాల నాలుగోది సగం దాటింది. నా రోగం పెరిగిందా?"

"అబ్బే, అదేం లేదమ్మా. మామూలు కోబాల్ట్ నిలకడగానే ఉంటుందండి. దాని పరమాణువు నడిమధ్యలో ఒక్క న్యూట్రాన్ ఎక్కువ దూరిస్తే ఇక ఇమడలేదు. రోజూ కొన్ని పరమాణువులు మారిపోతుంటాయి. అప్పుడొచ్చే కిరణాలే మీకు వైద్యం. ఐదేళ్లకి దాని బలం సగమైపోతుంది. అది తగ్గినకొద్దీ మేం టైం పెంచుతాం."

"అంటే తరుగుతున్నది గా కోబాల్టా? నేను గాదా?"

"మీరు కాదమ్మా."

రత్నాబాయి నవ్వుతూ లేచి కూర్చుంది. "ఒక్కటి ఎక్కువైతేనే గింత లొల్లా! అబిడ్స్‌ల మా రెండర్రల కిరాయింట్ల పదకొండు మందిమి ఇమిడినం."

చెప్పులు తొడుక్కుని, మిషిన్ వైపు జాలిగా చూసింది. "పాపం, దాన్ని గూడ గీ అర్రలనే బందు జేసిన్రు."

ఆమె వెళ్లాక తాతారావు రిజిస్టర్‌లో టైం రాశాడు.

పాత కోబాల్ట్ తీసేసి, బొంబాయి నుంచి వచ్చిన కొత్తది పెట్టి పది రోజులే అయింది. ఆ పేజీలో అందరికీ టైం తగ్గింది, ఆమెకి మాత్రమే పెరిగింది.