చెయిను బిగువు

చెయిను మళ్లీ జారి వేలాడింది.

అల్లుడు మోటారు రంపం ఆపాడు. చెయిను చుట్టూ తిరిగే ఇనప పట్టీ, బారు, మూడడుగుల పొడవు. దాని అడుగున చెయిను, తడిబట్టలు ఆరేసిన తాడులా కిందికి దిగిపోయి ఉంది. దుంగలో రెండో కోత ఇంకా పావువంతు కూడా దిగలేదు.

"నట్లు వదులు చెయ్యి," అన్నాడు మామ.

"ఇందాకే కదా బిగించాను, మావయ్యా!"

"బిగించావు. సరిగ్గా బిగించలేదు."

అల్లుడు పళ్లు కొరుక్కున్నాడు. అతను టైలరు. మామకు భోజనం క్యారియరు ఇచ్చేసి కొట్టుకు పోదామని తోటకు వచ్చినవాడు. వచ్చీ రాగానే ఈ పని నెత్తిన పడింది. పెళ్లయిన ఈ పదేళ్లలో ఆ రంపాన్ని మామ అతన్ని ముట్టుకోనిచ్చింది లేదు. "సూదికి దారం ఎక్కించే చేతులకి ఇదెందుకు?" అని నలుగురిలో నవ్వేవాడు. ఇవాళ తనే "పట్టుకో" అన్నాడు.

తను మాత్రం లేవలేదు. దుంగ పక్కనే నేలమీద వెనక్కి వాలి, మోచేతుల మీద ఆనుకుని, ఉన్నచోటి నుంచే పని చెబుతున్నాడు. ఇంట్లోనూ అంతే. మంచినీళ్లయినా ఆయన కూర్చున్న చోటికే రావాలి.

"బారు ముక్కు పైకెత్తు. ఎత్తే ఉంచి స్క్రూ తిప్పు. పొడుగు బారు, బరువుకి ముక్కు వంగుతుంది. దించి బిగిస్తే బిగిసినట్టే ఉంటుంది, కొయ్యడం మొదలెట్టగానే జారుతుంది."

అల్లుడు ముక్కును ఒక మొద్దు మీద ఎత్తి పెట్టాడు. ఒక నట్టు జారి ఆకుల్లో పడింది. మోకాళ్ల మీద పాకుతూ వెతికాడు.

"నెమ్మదిగా. తొందరేం లేదు."

"తొందర లేకపోవడమేంటి? ఊళ్లోంచి మనుషులు రావడానికి ఇంకా గంట పడుతుందిట. అంతసేపు ఆగేదెలా!"

నట్టు దొరికింది. బిగించాడు. చెయిను పట్టుకుని లాగాడు. ఇసుమంతైనా కదల్లేదు.

"మరీ బిగిసిపోయింది, మావయ్యా."

"బ్రేకు వేసి ఉంచి లాగితే ఎలా కదులుతుంది నాయనా! ముందు అది తియ్యి."

తీశాడు. కదిలింది.

ఈసారి కోత నాలుగు వేళ్ల లోతు దిగింది. సన్నగా పొగ వచ్చింది. చెయిను మళ్లీ వేలాడింది.

అల్లుడు స్పానరు నేలకేసి కొట్టాడు. "నా వల్ల కాదు!"

మామ నుదుటి చెమట తుడుచుకున్నాడు.

"నీ మిషను బెల్టు మాటిమాటికీ వదులైతే ఏం చేస్తావు?"

"బిగిస్తాను."

"అప్పటికీ ఆగకపోతే?"

"ఎక్కడ ఒరుసుకుంటోందో చూస్తాను. నూనె..."

అల్లుడు ఆగిపోయాడు. చెయిను తాకి చటుక్కున వేలు వెనక్కి తీసుకున్నాడు. కాలుతోంది. నూనె తడి లేనే లేదు. వేడెక్కి సాగుతోంది, అందుకే ఎంత బిగించినా వదులే. రంపం పక్క మూత విప్పాడు. బారు మొదట్లో నూనె దిగే చిన్న బెజ్జం రంపపుపొట్టుతో పూడుకుపోయి ఉంది. చొక్కా కాలరు కింద గుచ్చి పెట్టుకున్న సూది తీసి పొడిచి పొడిచి తెరిచాడు.

"ఇప్పుడే బిగించకు. చల్లారనివ్వు. వేడి మీద బిగిస్తే తర్వాత బారును పట్టేస్తుంది."

ఆ పది నిమిషాలూ అల్లుడు కూర్చోలేకపోయాడు. దుంగ చుట్టూ తిరిగాడు. ఫోను చూశాడు, జేబులో పెట్టాడు, మళ్లీ తీశాడు. నీళ్ల సీసా మామ చేతికి అందించాడు.

రెండు గుక్కలు తాగి, "మా అమ్మాయికి చెప్పావా?" అన్నాడు మామ.

"లేదు."

"మంచిపని చేశావు. వస్తే ఇద్దర్నీ కలిపి దులిపేస్తుంది."

అల్లుడికి నవ్వు రాలేదు. ముక్కు ఎత్తి, స్క్రూ తిప్పి, నట్లు బిగించాడు. లాగితే చెయిను కదిలింది. వదిలితే బారును అంటిపెట్టుకుంది.

"మొహం అటు తిప్పుకోండి. పొట్టు పడుతుంది."

రంపం గర్జించింది. పొట్టు ధారగా చిమ్మింది. బారు ఎక్కడా ఆగకుండా దిగుతూ పోయింది. మామ కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

దుంగ తెగగానే అల్లుడు రంపం అవతల పడేసి, రెండు కోతల మధ్య ముక్కను భుజంతో నెట్టి దొర్లించాడు. గంటన్నరగా దాని కింద ఇరుక్కుపోయి ఉన్న మామ కాలు బయటపడింది.