మూడో స్తంభం

1999 డిసెంబరు. ఉక్కు ఫ్యాక్టరీ మూతబడ్డ ఆ ఆస్ట్రేలియా ఊళ్లో, పొగకు నల్లబడ్డ నూరేళ్ల చర్చికి మరమ్మతు జరుగుతోంది. బేతంచెర్ల నుంచి వచ్చిన రాతిమేస్త్రి దస్తగిరి, సుత్తితో తట్టి చూసి, మూడో స్తంభం లోపల డొల్లగా ఉందన్నాడు.

"అంకుల్, కంప్యూటర్ సాలిడ్ అంటోంది," అని ఇంజనీరు ప్రవర్ధన్ నవ్వాడు. "మీ సుత్తి ఎంతవరకు చదివింది?"

"నా మాదిరే, నాలుగు."

"సరే, రేపు మార్నింగ్ డ్రిల్ పెట్టి చూద్దాం. మీ మాట తప్పయితే పనిలోంచి వెళ్లిపోవాలి."

ఎక్కడ డ్రిల్ పెట్టాలో చూపించి ఆ చదువుకున్న నవ్వు ఆపాలని, దస్తగిరి ఆ రాత్రే చర్చి తాళం తీశాడు. ఎత్తయిన కమానుల కింద టార్చి వెలుగు సగానికే ఆగిపోయింది. స్తంభాన్ని సుత్తితో తడుతూ వచ్చాడు. ఛాతీ ఎత్తులో రాయి కుండలా మోగింది. అక్కడ సుద్దతో గుర్తు పెట్టి, గెలిచానన్న ఊపులో అలవాటుగా మూడు దెబ్బలు వేశాడు.

రాయికి అటూ ఇటూ పనిచేసే మేస్త్రీల కట్టుబాటు అది. అవతల మనిషి ఉంటే రెండు దెబ్బలు తిరిగి వేస్తాడు. అప్పుడు ఇవతలివాడు సుత్తి దించాలి.

లోపలి నుంచి రెండు దెబ్బలు వినిపించాయి.

స్తంభం చుట్టూ తిరిగి చూశాడు. ఎవరూ లేరు. మళ్లీ మూడు వేశాడు. మళ్లీ రెండు వచ్చాయి, ఈసారి కాస్త విసుగ్గా.

దస్తగిరి సుత్తి దించాడు. సుద్ద గుర్తును అరచేత్తో తుడిచేశాడు.

"నా పని పోతే పాయె. నువ్వుండంగా ఈడ డ్రిల్ పెట్టనీయను," అని, స్తంభానికి వీపు ఆనించి కూర్చున్నాడు.

వీపు వెనక, రాయి లోపల, ఉలి మళ్లీ పనిలో పడింది.