సీసాలో ఇసుక

"మీ బిడ్డ రోగం నా బిడ్డకు అంటగడతారా?"

సుబ్బరత్నమ్మ వాకిట్లోనే నిలబడి అడిగింది. ఆరేళ్ల కూతురు రాధిక ఆమె చెయ్యి పట్టుకుని ఉంది.

మేకలకు కొమ్మలు వేస్తున్న రమణి గాబరాగా వచ్చింది. "ఏంది వదినా, ఏమైంది?"

"మీ మల్లినే అడుగు. రాధికకు కిడ్నీలో రాళ్లున్నాయని బడిలో చెప్పిందంట."

రమణి కూతురు, పదేళ్ల మల్లికి పుట్టుకతో వచ్చిన జబ్బది. వేలల్లో ఒకరికి వస్తుందట. తీసినకొద్దీ రాళ్లు కడతాయి. ఇప్పటికే రెండు ఆపరేషన్లు. గంటగంటకూ నీళ్లు, చప్పిడి కూడు, పూటపూటకూ మందు. అన్న కూతురికి ఆ కష్టం ఉందని నోటితో అనొచ్చా?

మల్లి బయటికి వచ్చింది.

"అన్నావంటనే?" రమణి నిలదీసింది.

"అన్నా. టీచరుకు ఒక్కదానికే."

రమణి చెయ్యెత్తింది. మల్లి వెనక్కి జరగలేదు.

"కొడితే కొట్టమ్మా. నొప్పొస్తే అది నా మాదిరే పక్క పట్టుకుని వంగుతాది. ఒంటికి పోవాల్సొస్తాదని బడిలో నీళ్లే తాగదు. నిన్న సీసాలో ఉచ్చ పోయించి చూసినా, అడుగున ఇసక. మన ఇండ్లల్లో ఇంకెవరికన్నా ఉండొచ్చని నా డాక్టరు చెప్పినాడు గదా. అత్తా, మార్కాపురం తీసుకపోయి స్కానింగు తీపీ."

"కడుపులో పురుగుల నొప్పికి స్కానింగా?" సుబ్బరత్నమ్మ విసురుగా వెనుదిరిగింది.

నాలుగడుగులు వేసిందో లేదో రాధిక పక్క పట్టుకుని వంగిపోయింది. అచ్చం మల్లి వంగినట్టే.

రమణి ఎత్తిన చెయ్యి దించింది. పరుగున పోయి దారికి అడ్డం నిలబడింది.

"వదినా, ఒక్కసారి చూపియ్యి. ఏమీ లేదంటే మేమిద్దరం వచ్చి నీ కాళ్లు పట్టుకుంటాం."

నాలుగు రోజులకు సుబ్బరత్నమ్మ మళ్లీ వాకిట్లోకి వచ్చింది.

"ఉంది రమణీ. అదే జబ్బంట. రాయి ఇంకా చిన్నదేనంట, కోత లేకుండా నీళ్లతో, మందుతో నెట్టుకురావచ్చంట. ఆలస్యమై ఉంటే కిడ్నీకే ముప్పంట." చెంగు ముడి విప్పి మడతపెట్టిన కాగితం తీసింది. "పంపిందెవరని అడిగితే చెప్పినా. డాక్టరు తన చేత్తో రాసినాడు. మీకు చూపియ్యమన్నాడు."

రమణి కూడబలుక్కుంటూ చదివింది. రాధిక పేరు, వయసు, ఊరు. దాని కింద, 'పంపిన డాక్టరు' అన్న చోట, తెలుగులో గుండ్రంగా రాసి ఉంది:

డాక్టర్ మల్లి, ఐదో తరగతి.