గుర్రమెక్కిన వంశం

కాఫీ చల్లారిపోతోంది. అబ్బాయి తండ్రి పూర్ణచంద్ర మాత్రం గోడమీది పటం ముందు నుంచి కదలడం లేదు. చెంగల్రాయలుకు వీపంతా చెమట పట్టింది.

గుడియాత్తంలో ఆ పటం సంగతి తెలియనివాళ్ళు తక్కువ. దొరల కాలంలో అచ్చేసిన బొమ్మ. తలపాగా చుట్టిన పెద్దమనిషి ఒక చేత్తో కళ్ళెం పట్టి, రెండో చెయ్యి నడుంమీద పెట్టుకుని దర్జాగా గుర్రమెక్కి ఉంటాడు. పక్కన గడ్డిమోపుతో గుర్రపువాడు వట్టికాళ్ళతో పరుగెత్తుతుంటాడు.

గుర్రం మీదున్నాయన తన ముత్తాత అని చెంగల్రాయలు ఇరవై ఏళ్ళుగా చెప్పుకుంటున్నాడు. పటం కొన్నది వేలూరులో, పాతసామాన్ల అంగట్లో. అసలు ముత్తాత దొరల గుర్రాలకు గడ్డి కోసి బతికినవాడు.

ఆ గొప్ప ఇన్నాళ్ళూ ఎవరికీ చెరుపు చేయలేదు. ఇప్పుడు కూతురి పెళ్ళి దాకా వచ్చింది.

"ఆ వేలూరు అబ్బాయోళ్ళది గుర్రమెక్కిన వంశమంట. అట్లాంటి సంబంధమే కావాలంటా ఉండారు. మీ పటం సంగతి చెప్పేసినా," అన్నాడు పెళ్ళిళ్ళ మునుస్వామి మొన్న. కూతురు జ్యోతికకేమో అబ్బాయి తెగ నచ్చాడు.

"ఈయన ఎవురు?" పూర్ణచంద్ర అడిగాడు.

"మా ముత్తాతప్పా."

"నిజంగానా?"

దొరికిపోయాననుకున్నాడు చెంగల్రాయలు. "నిజమేనప్పా."

"పరిగెత్తేవాడు?"

"మా జీతగాడు." ఆ మాట అంటుంటే, గడ్డి కోసిన ముత్తాత ఎక్కడో వింటున్నట్టనిపించింది.

పూర్ణచంద్ర వేలు నేరుగా గడ్డిమోపు కిందికి పోయింది. అక్కడొక చిన్న కుక్కపిల్ల. ఇరవై ఏళ్ళలో చెంగల్రాయలు దాన్ని చూసిన పాపాన పోలేదు.

"బొమ్మ కింద ఏమన్నా రాసుండిందా?"

"చెదలు తినేసినాయి." ఆ అక్షరాలు కత్తిరించింది తానే.

"అవునవును. చెదలు తినేస్తాయి." పూర్ణచంద్ర ముఖం తుడుచుకున్నాడు. నీళ్ళడిగి గటగటా తాగాడు.

చెంగల్రాయలు ధైర్యం కూడగట్టుకున్నాడు. "ఆచారం ప్రకారం మేమూ మీ ఇల్లు చూడాల కదా. రేపే వస్తామప్పా."

"రేపా? వద్దు వద్దు!" దాదాపు అరిచాడు పూర్ణచంద్ర. "శుక్రవారం రాండి."

చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండానే వెళ్ళిపోయాడు. సంబంధం పోయిందని చెంగల్రాయలు గడపమీదే కూలబడ్డాడు. లోపల్నుంచి జ్యోతిక తొంగి చూస్తోంది. దాని ముఖం చూడలేకపోయాడు.

వీధి మలుపు తిరగ్గానే పూర్ణచంద్ర ఇంట్లో భార్యకు ఫోన్ చేశాడు: "ఉమా, మన గుర్రం తాత ఈడ గూడా ఉండాడు, వాళ్ళు ఇల్లు చూసేదానికి వచ్చేలోపల హాల్లో పటం దించి అటకమీద దాచిపెట్టు!"